ములాంజేలో నాకు మలుంగో వచ్చినప్పుడు

1993 ఫిబ్రవరికి నాకు ఎనిమిదేళ్లు. ఆఫ్రికాలోని మలావీ దేశంలో దక్షిణాన, ములాంజే కొండ కింద, తేయాకు తోటల పక్కన ఉండేవాళ్లం. నాన్న పాస్టరు, అమ్మ నర్సు. ఒంగోలు నుంచి ఇద్దరూ మిషన్ పని మీద అక్కడికి వెళ్లేసరికి నేను చంకలో పిల్లని. అందుకే నాకు ఊహ తెలిసిన ఊరు అదే. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే చిచేవా. అక్కడ ఎవరింటికైనా వెళ్తే తలుపు తట్టరు, వాకిట్లో నిలబడి "ఓదీ!" అని పిలుస్తారు. నాన్నని ఊరంతా "అబూసా" అనేవాళ్లు, పాస్టరుగారని అర్థం.

వానలు మొదలైన కొత్తలో రాత్రిపూట దీపం కింద బేసిన్‌లో నీళ్లు పెట్టి ఉసిళ్లు పట్టేవాళ్లం. రెక్కలు దులిపి, ఉప్పు చల్లి పెనం మీద వేయిస్తే కరకరలాడేవి. నూనె కూడా అక్కర్లేదు, వాటి కొవ్వే సరిపోతుంది. ఒంగోల్లో మా అమ్మమ్మకి ఈ సంగతి ఉత్తరంలో రాస్తే, "మన ఊళ్లోనూ తింటారే పిల్లా" అని జవాబు వచ్చింది. ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో!

అంతకుముందు ఏడాది కరువుకి మొక్కజొన్న నిలువునా ఎండిపోయింది. అందుకని ఆ ఏడు వానలు పడుతుంటే అందరి మొహాల్లో వెలుగు. కానీ వానలంటే దోమలు కూడా.

ఒక ఆదివారం గుడిలో పాట పాడుతుండగా వణుకు పుట్టింది. ఇంటికొచ్చి మూడు దుప్పట్లు కప్పుకున్నా తగ్గలేదు. మలేరియాని అక్కడ మలుంగో అంటారు. జలుబు చేసిందన్నంత మామూలుగా ఆ మాట వినిపించేది. అమ్మ క్లోరోక్విన్ బిళ్లని అరటిపండు ముక్కలో దాచి మింగించింది. రెండు రోజులకి జ్వరం దిగింది. నాలుగో రోజు మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా గట్టిగా. ఆ మందు అప్పటికే అక్కడ సరిగ్గా పనిచెయ్యడం లేదు. అదే ఏడాది మలావీ క్లోరోక్విన్ పక్కనపెట్టి ఫాన్సిడార్ అనే మరో మలేరియా మందుకి మారింది. ఆఫ్రికాలో అలా మారిన మొదటి దేశం అదేనని పెద్దయ్యాక చదివాను. నర్సయ్యుండి కూడా నాలుగు రోజులు ఇంట్లోనే ఉంచానని అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. అమ్మా, అప్పుడు అందరూ ఇచ్చే మందే నువ్వూ ఇచ్చావు.

ఆ రాత్రి నాకు ఫిట్స్ వచ్చాయి. నాన్న జీపులో వేరే ఊరు వెళ్లి, ఏరు పొంగడంతో అవతలే ఆగిపోయారు. పక్కింటి గోగో, అంటే మా ఊళ్లో అందరికీ అవ్వ, తన చితెంజె గుడ్డతో నన్ను వీపుకి కట్టుకుంది. అమ్మ ముందు టార్చి పట్టుకుని నడిచింది. ఎనిమిదేళ్ల పిల్లని అలా మోయడం మాటలు కాదు. నాకు గుర్తున్నది కాస్తే. ఆ గుడ్డలో కట్టెల పొగ వాసన, బురదలోంచి కాలు తీసినప్పుడల్లా వచ్చే చప్పుడు, అడుగడుగునా ఆవిడ నన్ను ఓదారుస్తూ "పెపానీ, పెపానీ" అనడం.

ఆసుపత్రిలో వేలు గుచ్చి, గాజు పలక మీద రక్తం చుక్క రాసి చూశారు. నాలుగు ప్లస్‌లు, అంటే రక్తంలో మలేరియా క్రిములు బాగా ఎక్కువని. వెంటనే గ్లూకోజ్ సీసాలో క్వినైన్ అనే మలేరియా మందు కలిపి ఎక్కించడం మొదలుపెట్టారు. ఒక్కో సీసా నాలుగు గంటలు, ఎనిమిది గంటలకోసారి. తెలివొచ్చాక నేను చేసిన మొదటి పని ఆ చుక్కలు లెక్కపెట్టడం. వందకి వచ్చేసరికి లెక్క తప్పేది. చెవుల్లో కీచురాళ్ల రొద. బయట నిజంగానే కీచురాళ్లు ఉన్నాయనుకున్నాను, క్వినైన్ వల్ల అలా అవుతుందని అమ్మ చెప్పేదాకా.

అక్కడ డాక్టరు పని చూసే క్లినికల్ ఆఫీసర్ నా కింది రెప్ప లాగి చూశాడు. లోపల తెల్లగా పాలిపోయి ఉంది. రక్తం ఎక్కించాలన్నాడు. అవి ఎయిడ్స్ రోజులు, రక్తం అంటేనే టెన్షన్. ఇచ్చేవాళ్లని ఇంటివాళ్లే వెతుక్కోవాలి, పరీక్ష చేశాకే తీసుకుంటారు. మర్నాడు మధ్యాహ్నం మోకాళ్ల దాకా బురదతో నాన్న వచ్చారు. చేతులు కడుక్కుని, అలాగే పడుకుని రక్తం ఇచ్చారు. నాదీ ఆయనదీ ఒకటే గ్రూపు.

ఆ సాయంత్రం నా పక్కన కూర్చుని, ఈ జబ్బుని మోసేది దోమేనన్న గుట్టు 1897లో మన సికింద్రాబాద్‌లోనే బయటపడిందని, రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడని చెప్పారు నాన్న. తెలిసిన ఊరి పేరు వినగానే నాకు ధైర్యం వచ్చింది. ఆ రాత్రి అమ్మకి మాత్రం కేప్ మెక్లియర్ సమాధులు గుర్తొచ్చాయట. మలావీ సరస్సు ఒడ్డున 1875లో మిషన్ మొదలుపెట్టినవాళ్లలో కొందరు అక్కడే పోయారు. 1881లో మిగిలినవాళ్లు బండావేకి మారిపోయారు. ముందటేడు సెలవుల్లో ఆ రాళ్ల మీద పేర్లు నేనే కూడబలుక్కుంటూ చదివాను.

పక్క మంచం మీద రెండేళ్ల బాబు. వాళ్లు మొజాంబిక్ నుంచి యుద్ధానికి భయపడి వచ్చి శిబిరంలో ఉంటున్నవాళ్లు. వాడికీ రక్తం కావాలి. తల్లి నిండు చూలాలు, ఆవిడ ఇవ్వకూడదు. తండ్రి ఎక్కడున్నాడో తెలీదు. అమ్మది 'O' గ్రూపు రక్తం, ఆ బాబుకి ఎక్కించొచ్చు. అమ్మని ఎవరూ అడగలేదు. పరీక్ష చేయించుకుని వచ్చి, చీర కొంగు సర్దుకుని, చెయ్యి చాపి పడుకుంది. నా మంచం మీంచి అంతా కనబడింది. సీసా నిండేదాకా అమ్మ కళ్లు ఆ బాబు మీదే ఉన్నాయి.

ఆ తర్వాత ఆసుపత్రి వెనక రోగుల వాళ్లు వండుకునే షెడ్డులో అమ్మ, ఆ తల్లి ఒకే పొయ్యి మీద వండేవాళ్లు. చిచేవా ఆవిడకీ వచ్చు. ఆవిడ మొక్కజొన్న జావలో వేరుశెనగ పొడి కలిపి నాకు పెట్టేది. అమ్మ బజారంతా తిరిగి మవేరె కొనుక్కొచ్చింది. అంటే మన రాగులే. అక్కడ ఎక్కువగా నాటు బీరు కాయడానికి వాడతారు. రాళ్లు ఏరి, కడిగి ఎండబెట్టి, రోట్లో దంచి జావ కాచింది. ఇద్దరు పిల్లలకీ ఒకే గిన్నెలోంచి.

పదకొండో రోజు ఇంటికొచ్చాను. ఒంట్లో ఓపిక లేదు. వాకిలి దాటి మామిడిచెట్టు దాకా నడవడానికి మూడు వారాలు పట్టింది. పిల్లలు వచ్చి "ములీ బ్వాంజీ?" అంటే, చాపమీంచే "న్దిలీ బ్వీనో" అనేదాన్ని, బాగున్నానని.

జూన్‌లో, కొండ మీంచి చలి మంచు దిగే రోజుల్లో, ఒక పొద్దున "ఓదీ!" అని వినిపించింది. ఆ తల్లే. వీపు మీద కొత్త బిడ్డ, పక్కన ఆ బాబు తన కాళ్ల మీద తాను నిలబడి. యుద్ధం ఆగింది, ములోజా సరిహద్దు గేటు దాటి మొజాంబిక్ వైపున్న మిలాంజేలోని తమ ఊరికి వెళ్లిపోతున్నామని చెప్పింది. అమ్మ లోపలికి రమ్మంది. ఆవిడ వాకిట్లోనే మోకాళ్ల మీద కూర్చుని, కాళ్లు కట్టిన కోడిపెట్టని రెండు చేతులా అమ్మకి అందించింది. అమ్మ కూడా మోకాళ్ల మీద కూర్చుని అందుకుంది.