మోడులైన లైలాక్ పొదలు

మా పెరట్లో ప్రహరీ వెంబడి ఉన్న, వసంతంలో గుత్తులుగా సువాసన పూలు పూసే మూడు లైలాక్ పొదలు బాగా ముదిరిపోయి, పూలన్నీ చేతికందని కొసలకు చేరి, కింద బోసి కాండాలే మిగలడంతో, ఒక చలికాలం చివర వాటిని మోకాలి ఎత్తున నరికించాను. ఏటా మూడోవంతు ముసలి కాండాలను మాత్రమే మొదటికంటా తీస్తూ మూడేళ్లలో పని ముగించి ఉంటే ఏ ఏడూ పూలు పూర్తిగా తప్పేవి కావు. ఆ ఓపిక నాకు లేకపోయింది.

కొన్ని వారాల పాటు ఆ మోడులలో చలనం లేదు. ఒకదాని బెరడును గోటితో గీకి చూస్తే లోపల పచ్చటి తడి పొర కనిపించింది. అప్పటికి గాని నా ప్రాణం కుదుటపడలేదు. ఆ తరువాత మోడుల మీద నిద్రాణంగా ఉన్న మొగ్గల నుంచి ఎదురెదురుగా జంట చిగుళ్లు, వేళ్ల నుంచి లెక్కలేనన్ని పిలకలు పుట్టుకొచ్చాయి. వాటన్నిటినీ అలాగే వదిలేస్తే ఒకదాని నీడన ఒకటి సన్నగా సాగిపోతాయి, గాలి ఆడక ఆకులకు బూడిద తెగులు పడుతుంది. అందుకని మరుసటి చలికాలం చివర పొదకు పది పన్నెండు బలమైన రెమ్మలను, అవి కూడా ఎడమెడంగా ఉన్నవాటిని, ఉంచి తక్కినవాటిని నేలమట్టానికి కోసేశాను. పొద అంటు కట్టినదైతే మాత్రం ఇక్కడ జాగ్రత్త పడాలి, ఎందుకంటే అంటు కింద నుంచి వచ్చే పిలకలు అంటుకు ఆధారంగా వాడిన కింది మొక్కవే అవుతాయి గాని మనం కోరుకున్న రకానివి కావు. మావి సొంత వేళ్ల మీద పెరిగినవి కాబట్టి ఆ చిక్కు రాలేదు.

నరికిన మొక్కకు బలం పట్టాలని ఎరువు గుమ్మరించాలనిపించడం సహజమే, కాని లైలాక్‌కు నత్రజని ఎక్కువైతే ఆకే తప్ప పువ్వు రాదు. పాదులో కాస్త చివికిన ఆకుల ఎరువు వేసి, కాండాలకు తగలకుండా రెండు అంగుళాల మందాన ఎండుటాకులు పరిచి, వానలు లేనప్పుడు వారానికొకసారి వేళ్ల లోతుకు ఇంకేలా నీరు పెట్టాను. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి కాబట్టి పక్క చెట్టు కొమ్మలు రెండు కొట్టించాను.

వచ్చే వసంతంలో పూయవలసిన మొగ్గ ముందటి వేసవిలోనే కట్టుకుంటుంది. శరదృతువులో చక్కగా కనబడాలని కొసలు కత్తిరించేవారు తెలియకుండానే మరుసటి ఏటి పూలను కోసి పారేస్తున్నారన్నమాట. ఇలా మోడుగా నరకడం, పిలకలు పలచన చేయడం తప్ప మామూలు కత్తిరింపు ఏదైనా పూలు వాడిన వెంటనే చేయడమే మేలు.

రెండు వసంతాలు ఆకులతోనే గడిచాయి. ఈ చలికాలం ఒక పొదలో నాలుగు రెమ్మల కొసన ఉబ్బిన జంట మొగ్గలు కనిపించాయి. మిగతా రెండింటిలో ఇంకా సన్నని ఆకు మొగ్గలే ఉన్నాయి, కనుక వాటి జోలికి ఈ ఏడు కత్తెర వెళ్లదు.