నీడ గడియారం, ముగ్గుపిండి

ఫిబ్రవరి ఎండలో పిల్లలతో కలిసి బడి గ్రౌండ్‌లో పెద్ద నీడ గడియారం గీశాం. ముగ్గుపిండితో, గంటకు 15 డిగ్రీల చొప్పున సమానంగా. పన్నెండు దాటాక నీడ మా గీతల్ని అసలు పట్టించుకోలేదు! తప్పు నాదే. నేల మీద గీతలు అలా సమానంగా రావు. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు కాబట్టి, 12కీ 1కీ మధ్య నాలుగున్నర డిగ్రీలే, 5కీ 6కీ మధ్య దాదాపు 42. మధ్యాహ్నం గీతలన్నీ సిటీ బస్సులో జనంలా ఇరుక్కున్నాయి.

ఊడ్చేసి మళ్లీ గీశాం. వాచ్‌మన్ వచ్చి సెల్‌ఫోన్ చూసుకుని, "సార్, మీది అర్ధగంట లేటున్నది" అన్నాడు. నిజమే. మన టైమ్‌ లెక్క కాకినాడ దగ్గర్నుంచి పోయే రేఖాంశానిది, హైదరాబాద్ దానికి పడమట ఉంది, అందుకే 16 నిమిషాలు లేటు. మిగతా 14, ఫిబ్రవరిలో సూర్యుడు గడియారం కన్నా వెనకబడే ఆలస్యం. అదంతా చెబితే, "అయితే లేటు సూర్యుడిదా?" అని నవ్వాడు.