ఖాళీ లారీ బరువు

సంక్రాంతి వెళ్లిన మూడో రోజు మా అమ్మాయి నా చేతికి వాచీ కట్టింది. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి అప్పటికి ఆరు నెలలు. పండక్కి వస్తూ వాళ్లమ్మకు చీర, నాకు ఈ వాచీ తెచ్చింది. నడిస్తే ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో చూపించే రకం. చీర సంగతి ఆ రోజే తేలిపోయింది, వాళ్లమ్మకు నచ్చింది. వాచీ సంగతి తేలడానికి మాత్రం ఏడు నెలలు పట్టింది.

నాకు 47 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దిగాయి, కాటా ఎంత, రేటెంత, రైతుకు పట్టీ ఎంత అని కుర్చీలో కూర్చుని రాయడమే ఇరవై రెండేళ్లుగా నా పని. డిసెంబరులో రక్తపరీక్ష చేయిస్తే షుగర్ గీత దాకా వచ్చి నిలబడింది, ఇంకా దాటలేదన్నారు డాక్టరుగారు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు, బొడ్డు దగ్గర టేపు పెడితే 101. మనవైపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితేనే జాగ్రత్త పడాలట. నేను దాటి చాలా దూరం వచ్చేశాను.

మర్నాడు తెల్లవారుజామున బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియానికి వెళ్లి, చేతులు బాగా ఊపుకుంటూ గంటసేపు నడిచాను. ఆపి చూస్తే 412 కేలరీలు అని చూపించింది. నాలుగు వందల పన్నెండు! తేజ రకం మిర్చికి ఒక్కరోజే రేటు ఎగబాకితే రైతు మొహం ఎలా వెలుగుతుందో నా మొహం అలా వెలిగిపోయి ఉంటుంది. అమ్మాయికి ఫొటో తీసి పంపాను. సాయంత్రం కొట్టు నుంచి వస్తూ బ్రాడీపేటలో బజ్జీల బండి దగ్గర ఆగాను. పొద్దున 412 కరిగించిన మనిషికి మూడు మిరపకాయ బజ్జీలు ఏపాటి? మధ్యకు చీల్చి ఉల్లిపాయ ముక్కలు కూరి, పైన నిమ్మకాయ పిండి ఇచ్చాడు. తిన్నాను.

ఇలా నెల గడిచింది. వారానికి ఆరు రోజులు నడక, అందులో మూడు నాలుగు రోజులు బండి. నెల తర్వాత బరువు చూసుకుంటే 86.4.

"ఈ కాటాలో తేడా ఉంది" అన్నాను.

"కాటా బాగానే ఉందండీ, నేనూ దాని మీదే చూసుకుంటున్నాగా" అంది మా ఆవిడ.

అప్పుడు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నడక చాలడం లేదు కాబోలు, వాచీలో 600 కనపడాల్సిందే అని పంతం పట్టి స్టేడియం గ్యాలరీ మెట్లు పరుగున ఎక్కి దిగడం మొదలెట్టాను. ఇరవై రెండేళ్లు కుర్చీలో కూర్చున్న మోకాళ్లు, వాటి మీద 86 కిలోలు. నాలుగో రోజు దిగుతుంటే కుడి మోకాలు పట్టేసింది. ఎముకల డాక్టరుగారు అటూ ఇటూ వంచి చూసి, "ఎక్కేటప్పుడు ఊపిరికి కష్టం, దిగేటప్పుడు మోకాలికి కష్టం. మీ వాచీకి మోకాలు కనపడదు కదండీ" అన్నారు. రెండు వారాలు మెట్లు వద్దు, పరుగు వద్దు, నొప్పి తగ్గాక మెల్లగా నడక.

ఆ రెండు వారాలూ యార్డులో సీజన్ ముమ్మరం. ఎర్రటి టిక్కీల గుట్టల మధ్య, తుమ్ముకుంటూ, కాలు స్టూలు మీద పెట్టుకుని లెక్కలు రాస్తున్నాను. ఒక మధ్యాహ్నం లారీ డ్రైవరు వేబ్రిడ్జి చీటీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో ఎప్పుడూ ఉండే మూడు అంకెలే: గ్రాస్, టేర్, నెట్. సరుకుతో లారీ బరువు, ఖాళీ లారీ బరువు, రెండోది తీసేస్తే మిగిలేది. డబ్బులు లెక్క కట్టేది మూడో అంకెకే. ఖాళీ లారీ బరువును కూడా మిర్చి ధరకు కడితే మర్నాడు నన్ను కొట్లో అడుగు పెట్టనివ్వరు.

చీటీ ఫైల్లో పెడుతుంటే నా వాచీ గుర్తొచ్చింది. అది చూపించే 412లో ఖాళీ లారీ ఉందా, లేదా?

రాత్రి అమ్మాయికి ఫోన్ చేశాను. "ఉంది నాన్నా, అది టోటల్. యాక్టివ్ అని వేరే ఉంటుంది, పక్కకు జరిపి చూడు" అంది. నెల రోజులు నేను గ్రాస్ చూసుకుని మురిసిపోయాను. మనిషి ఊరికే కూర్చున్నా గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. దానికి కిలో బరువుకు గంటకు సుమారు ఒక కేలరీ ఖర్చు. అంటే నేను గంటసేపు నడవకుండా కుర్చీలో కూర్చున్నా 86 అయిపోయేవే. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే కూర్చున్నప్పటికి సుమారు మూడున్నర రెట్లు ఖర్చు. 86ను మూడున్నరతో హెచ్చిస్తే 301. ఇది గ్రాస్. ఖాళీ లారీ 86 తీసేస్తే నెట్ 215.

215 ఎక్కడ, 412 ఎక్కడ! ఖాళీ లారీ తీయకపోవడం నా తప్పు. 301 బదులు 412 చూపించడం వాచీ తప్పు. అమ్మాయి అది కూడా వెతికి చెప్పింది. 2017లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఏడు రకాల వాచీలను 60 మందికి కట్టి చూశారట. ఆ మనుషులు వదిలే ఊపిరిలో గాలిని కొలిచి అసలు ఖర్చెంతో తేల్చి, వాచీ లెక్కతో పోల్చారు. గుండె కొట్టుకునే లెక్క ఏడింట్లో ఆరు వాచీలు బాగానే చెప్పాయి, తేడా 5 శాతం లోపే. కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికంటే మంచి వాచీకే సగటున 27 శాతం తేడా, అన్నిటికంటే అధ్వానమైనదానికి 93 శాతం. యార్డులో అంత తేడా ఉన్న కాటా పెడితే రైతులు తిరగబడతారు.

ఇక బజ్జీల లెక్క. ఫోన్లో ఒక్కోచోట ఒక్కో అంకె ఉంది, ఏదీ నమ్మబుద్ధి కాలేదు. ఆదివారం వంటింట్లో కొలతల కాటా తీసి, ఖాళీ మూకుడు తూచి, అర కిలో నూనె పోయించాను. "మీకు కొట్లో తూకాలు చాల్లేదా?" అని మా ఆవిడ విసుక్కుంటూనే పావుకిలో శనగపిండి కలిపింది. పది బజ్జీలు వేసింది. ప్రతి బజ్జీనీ జల్లిగరిటెలో పెట్టి మూకుడు అంచున తట్టి, నూనె కారిందాకా ఆగింది. ఆవిడ చేతివాటం అలాంటిది, బండివాడికి అంత ఓపిక ఎక్కడిది? పొయ్యి కట్టేసి, మూకుడు చల్లారాక మళ్లీ కాటా మీద పెట్టాను. నూనె 410 గ్రాములు. మిగతా 90 గ్రాములూ బజ్జీల్లోకే పోయాయి, గరిటెకు అంటింది ఏదో కాస్త. బజ్జీకి 9 గ్రాములు. గ్రాము నూనెకు 9 కేలరీలు, అంటే నూనెవే 81. పాతిక గ్రాముల శనగపిండికి 95 దాకా. మొత్తం ఒక్కో బజ్జీ 175. బండి దగ్గర నేను నిలబడి తినే మూడింటికి 525.

కాగితం మీద పక్కపక్కన రాశాను. నడక 215, బజ్జీలు 525. మా ఆవిడ తొంగి చూసి, "నడక మానేసినా బజ్జీలు మానేస్తే తగ్గేవారు కదండీ" అంది. ఆ మాట అంటూనే ఒకటి తీసి కొరికింది.

మోకాలు కుదుటపడ్డాక మళ్లీ నడక మొదలెట్టాను. ఈసారి మెట్ల జోలికి పోలేదు. స్టేడియంలో రోజూ కలిసే లెక్కల మాస్టారు ఒకాయన వేగానికి ఒక కొండగుర్తు చెప్పారు: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట వస్తోందంటే తాపీగా నడుస్తున్నట్టు, మాటే రావడం లేదంటే ఆయాసం మీదకు తెచ్చుకుంటున్నట్టు. ఆయన కీర్తన ఎత్తుకుని రెండో పాదంలో ఆగిపోయారంటే వేగం సరిపోయిందని లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పే కసరత్తు ఉండాలంటారు. నా ఆరు రోజుల నడక దాన్ని ఇట్టే దాటేస్తుంది. కసరత్తుకు కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి దండీలు. అంతే. తిండి మాత్రమే తగ్గించి ఒళ్లు కదపకపోతే కొవ్వుతోపాటు కండ కూడా పోతుందని డాక్టరుగారు భయపెట్టారు కాబట్టి అది మాత్రం మానలేదు.

ఇంకో దొంగలెక్క కూడా పట్టుకున్నాను. పొద్దున గంట నడిచానన్న ధీమాతో మిగతా రోజంతా కాలు కదపడం మానేసేవాణ్ణి. శంకర్ విలాస్ సెంటర్ దాకా వెళ్లాలన్నా బైకు తీసేవాణ్ణి. టీ కూడా కుర్రాడు బల్ల దగ్గరికే తెచ్చేవాడు. ఇప్పుడు నేనే లేచి వెళ్లి తాగుతున్నాను.

ఏప్రిల్లో ఒకరోజు హమాలీల ముఠా మేస్త్రి నా చెయ్యి చూసి, "ఏంది గుమాస్తాగారూ, ఆ గడియారం చూసుకుంటా తెగ మురిసిపోతన్నారు. మాకు కడితే ఎంత చూపిచ్చిద్దో" అన్నాడు. తీసి ఆయన చేతికే కట్టాను. గంటసేపు లారీకి లోడు ఎత్తాడు. ఒక్కో టిక్కీ నలభై కిలోల పైమాటే. చెయ్యి వెనక్కి విరిచి టిక్కీని పట్టుకుని, నడుం వంచి, పలక మీదుగా లారీలోకి. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. వాచీ చూస్తే 190. వీపు మీద ఎంత బరువుందో దానికెలా తెలుస్తుంది? అది చూసేది చేతి ఊపు, నాడి. చెయ్యేమో టిక్కీని బిగబట్టుకుని ఉంది. ఉత్త చేతులు ఊపుకుంటూ తిరిగినందుకు నాకు 412.

మేస్త్రి వాచీ విప్పి ఇస్తూ, "మా కూలి ఎవురూ సరిగ్గా కట్టరులెండి, గడియారం మాత్రం కట్టిద్దా" అని మళ్లీ లోడు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి వాచీలో కేలరీల పేజీ తీసేశాను. ఎంతసేపు నడిచాను, గుండె ఎంత వేగంతో కొట్టుకుంది, ఈ రెండే చూస్తున్నాను. నడక విషయంలో నా లెక్క వేరే ఉంది. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు. నా నడక వారానికి 215 చొప్పున ఆరు రోజులు, 1,290. అంటే తిండి పెరక్కుండా ఉంటే ఒక కిలోకి ఆరు వారాలు. వినడానికి నీరసంగా ఉంటుంది. వారంలో అయిదు కిలోలు తగ్గిస్తామనే వాళ్ల లెక్కలో ఎక్కువ భాగం నీళ్లే. కల్లంలో కాయ ఎండితే తూకం తగ్గుతుంది, కాయలు తగ్గవు. దీనికి తిరకాసు కూడా ఉంది. మేలో ఆవకాయ కలిపిన రోజు, కొత్త ఆవకాయ, వేడి అన్నం, వెన్న. మర్నాడు పొద్దున బరువు 900 గ్రాములు పెరిగింది. పాత రోజుల్లో అయితే ఆ టెన్షన్‌కి మెట్లెక్కేవాణ్ణి. ఒక్క పూటలో అంత కొవ్వు పట్టాలంటే దాదాపు ఏడు వేల కేలరీలు మిగలాలి, ఎంత ఆవకాయ అన్నమైనా అంత కాదు. ఉప్పు పట్టి ఉంచిన నీళ్లవి. కల్లంలో నీళ్లు చల్లి తెచ్చిన కాయను చేత్తో నలిపి పట్టుకుంటాం కదా, అలాగే దీన్నీ పట్టుకున్నాను. అందుకే రోజూ తూచుకుని వారం చివర సగటు రాస్తాను. ఆ 900 గ్రాములూ మూడు రోజులకు వాటంతటవే దిగాయి.

యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు ఎండకు జడిసి అయిదున్నరకల్లా నడక ముగించేవాణ్ణి. ఆ నెలలో ఏమీ తగ్గలేదు, మామిడిపళ్లు. జూన్ నుంచి మళ్లీ దిగింది. ఇప్పుడు ఆగస్టు, పోయిన వారం సగటు 81.6, టేపు 95. బెల్టుకు మా ఆవిడ మేకుతో కొత్త చిల్లు పెట్టింది. బరువు తగ్గిన పాపానికి అదే నడకకు నెట్ 215 కాస్తా 204 అయింది, మోసే లారీ చిన్నదైంది కదా. షుగర్ పరీక్ష సెప్టెంబరులో.

బండివాడితో స్నేహం చెడలేదు, దారిలో కనపడితే చెయ్యి ఊపుతాను. బజ్జీలు మాత్రం ఇంట్లోనే, ఆదివారం, మనిషికి రెండు. ఈ సంగతి మా ఆవిడకు గట్టిగా చెప్పాను. సరేనంది. నిన్న మార్కెట్‌కి వెళ్లి జానెడేసి పొడుగున్న మిరపకాయలు ఏరి తెచ్చింది.