లోను తమ్ముడిది, ఫోన్లు అమ్మకి

మా తమ్ముడు 2018లో ఒక ప్రైవేట్ బ్యాంకులో లక్షన్నర పర్సనల్ లోన్ తీసుకున్నాడు, పెళ్లి ఖర్చులకి. 2020 లాక్‌డౌన్‌లో ఉద్యోగం పోయింది, ఆగస్టు దాకా మారటోరియం, అంటే ఈఎంఐలు వాయిదా వేసుకునే వీలు, ఉంది కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చాడు, తర్వాత రెండు మూడు ఈఎంఐలు కట్టి ఇక వల్లకాక ఆపేశాడు. బ్యాంకు వాళ్లు కొన్నాళ్లు ఫోన్లు చేసి వాళ్లూ ఊరుకున్నారు.

2025 వేసవిలో తెనాలిలో ఉన్న మా అమ్మకి బ్యాంకు తరఫున రికవరీ ఏజెంటు ఫోన్, పొద్దున్నే ఏడు కూడా కాకముందే. "మీ అబ్బాయి మీద అరెస్ట్ వారెంట్ వచ్చింది, సాయంత్రంలోగా మూడు లక్షల ఎనభై వేలు కట్టకపోతే పోలీసులు ఇంటికొస్తారు, మీ వీధిలో అందరికీ చెప్తాం" అని. అమ్మకి అసలే బీపీ. నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు, "నా గాజులు తాకట్టు పెట్టేద్దామే, పరువు పోయేలా ఉంది" అని. నంబర్ వాళ్లకెలా దొరికిందంటే లోన్ అప్లికేషన్‌లో రిఫరెన్స్ దగ్గర తమ్ముడే రాశాడంట. రిఫరెన్స్ అంటే పూచీకత్తు కాదు కదా, గ్యారంటర్‌గా సంతకం పెట్టని మనిషిని డబ్బు కట్టమని నిలదీసే హక్కు వాళ్లకి లేదు. ఇది అమ్మకి ఎక్కించేసరికి ఒక పూట పట్టింది.

అరెస్ట్ సంగతికొస్తే, అప్పు తీర్చలేకపోవడం సివిల్ వ్యవహారం, దానికి జైల్లో వెయ్యరు. ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే సెక్షన్ 138 కింద కేసు, దొంగ కాగితాలు పెట్టి లోన్ తీసుకుంటే చీటింగు, అవి వేరే లెక్క. వాళ్లు వాట్సాప్‌లో పంపిన 'వారెంట్' నేను చూశాను, పైన మూడు సింహాల బొమ్మ, కింద లోక్ అదాలత్ పేరు, కేసు నంబర్ మాత్రం ఎక్కడా లేదు. లోక్ అదాలత్ అంటే ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేసే చోటు, అది అరెస్ట్ వారెంట్ ఇవ్వడమేంటి అసలు! ఈ-కోర్ట్స్ సైట్‌లో తమ్ముడి పేరు కొట్టి చూస్తే వాడి మీద ఏ కేసూ లేదు.

ఆర్‌బీఐ 2022 ఆగస్టులోనే స్పష్టంగా చెప్పింది, రికవరీ ఏజెంట్లు పొద్దున 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో పరువు తియ్యకూడదు, ఇంట్లోవాళ్లని, రిఫరెన్స్ ఇచ్చినవాళ్లని సతాయించకూడదు. అమ్మకొచ్చిన ఆ ఒక్క కాల్‌లోనే ఇవన్నీ అయిపోయాయి. తేలిగ్గా తీసుకోబుద్ధి కాలేదు నాకు, 2020 డిసెంబర్‌లో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో మనుషులు ప్రాణాలు తీసుకున్నారు, హైదరాబాద్‌లో కాల్ సెంటర్ల మీద పోలీసులు రైడ్లు చేశారు, అదంతా గుర్తుంది.

సరే, అరుపులతో పని జరగకపోయేసరికి ఆ ఏజెంటు తమ్ముడితో మెత్తగా మొదలుపెట్టాడు. "బ్రదర్, ఇప్పటికి ఓ ఐదొందలు కట్టు, మిగతాది కడతానని ఒక లెటర్ మీద సంతకం పెట్టి ఫొటో పంపు, కాల్స్ నేను ఆపిస్తా." వీడు దాదాపు ఒప్పుకున్నాడు, ఐదొందలే కదా అని. గుంటూరు కోర్టులో ప్రాక్టీస్ చేసే మా ఫ్రెండ్‌ని అడిగితే ఆగమంది. తాకట్టు లేని ఇలాంటి లోన్లకి బ్యాంకు కోర్టుకెళ్లాలంటే మూడేళ్లలోపే వెళ్లాలి. ఆ మూడేళ్లు అయిపోకముందు కొంచెం కట్టినా, బాకీ ఉన్నానని రాసి సంతకం పెట్టినా లెక్క మళ్లీ మొదటినుంచి మొదలు. గడువు దాటిపోయాక ఐదొందలు కడితే లెక్క తిరిగి మొదలవదు గానీ, కడతానని సంతకం పెట్టి రాసిస్తే మాత్రం అదే కొత్త అగ్రిమెంట్ అయి కూర్చుంటుంది. అందులో కోవిడ్ మెలిక ఒకటి, 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి తీసేసింది, కాబట్టి మావాడి మూడేళ్లు 2022 మార్చిలో మొదలై 2025 ఫిబ్రవరితో అయిపోయినట్టు అంది. అందరికీ ఇలాగే ఉంటుందని కాదు, లోన్ ఎప్పుడు రీకాల్ చేశారు (మొత్తం ఒకేసారి కట్టమని ఎప్పుడు అడిగారు) లాంటివన్నీ చూడాలి, ఇల్లు తాకట్టు పెట్టిన లోన్లకైతే గడువే వేరు. మీ కాగితాలు లాయర్‌కి చూపించుకోండి.

గడువు దాటినంత మాత్రాన అప్పు మాయమైపోదు, కోర్టు దారి మూసుకుపోతుందంతే, మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రికార్డులో మచ్చ అలాగే ఉంటుంది. కోర్టుకెళ్లే దారి లేని ఏజెంటుకి మిగిలింది భయపెట్టడమే, అందుకే పాత లోన్లకి అరుపులు ఎక్కువని నా అనుమానం.

మేం ఫోన్లో మాట్లాడటం మానేసి బ్యాంకు గ్రీవెన్స్ మెయిల్‌కి రాశాం, కాల్ టైమింగులు, రికార్డింగులు, ఆ దొంగ వారెంట్ స్క్రీన్‌షాట్ అన్నీ పెట్టి, ఆ ఏజెన్సీ పేరేంటి, వాళ్లకిచ్చిన ఆథరైజేషన్ లెటర్ ఏది, మూడు లక్షల ఎనభై వేలు ఎలా అయ్యిందో స్టేట్‌మెంట్ ఇవ్వమని. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్తామని కూడా రాశాం, దానికి ఫీజు లేదు, 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు. అంతదాకా పోలేదు. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఓ మెయిల్ వచ్చింది, అమ్మకి కాల్స్ ఆగిపోయాయి.

తీసుకున్న డబ్బు ఎగ్గొట్టమని నేను చెప్పను, తమ్ముడికీ ఆ ఉద్దేశం లేదు, పైగా వాడికి రేపు హోమ్ లోన్ కావాలి. బ్యాంకుతోనే నేరుగా బేరమాడి అసలు బాకీకి కాస్త అటూ ఇటూగా తెగ్గొట్టుకున్నాడు. ఏజెంటు చివరి నిమిషంలో కూడా తన ఫోన్‌పే నంబరుకి వెయ్యమన్నాడు, ఎంత ధైర్యమో! మేం బ్యాంకు లెటర్‌హెడ్ మీద సెటిల్‌మెంట్ లెటర్ చేతికొచ్చాకే, అదీ లోన్ అకౌంట్‌కే కట్టాం. సిబిల్‌లో 'క్లోజ్డ్' కాకుండా 'సెటిల్డ్' అని పడుతుంది, హోమ్ లోన్‌కి అది కొంచెం అడ్డమే, తేడా డబ్బు కూడా కట్టి మార్పించుకోవాలా అని వాడు ఆలోచిస్తున్నాడు. ఎన్‌ఓసీ, అంటే ఇక బాకీ లేదని బ్యాంకు ఇచ్చే కాగితం, ఇంకా రాలేదు. దానికోసం ఇప్పుడు మేమే బ్యాంకుకి రోజూ ఫోన్లు చేస్తున్నాం, ఎవరూ ఎత్తట్లేదు.