రీఫ్ ట్యాంకులో బుల్లి హెర్మిట్ పీతలు: ముందు గుల్లలు, తర్వాతే పీతలు

రీఫ్ ట్యాంకులోకి, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలోకి, హెర్మిట్ పీతల్ని చాలామంది నాచు తింటాయనే తెచ్చుకుంటారు. నేను తెచ్చిందీ అందుకే. రాళ్ల మీద హెయిర్ ఆల్గే (వెంట్రుకల్లాంటి నాచు) మొండిగా పెరుగుతోంది, నత్తలు దాని జోలికి పోవడం లేదు. పీతలు ఆ పని బాగానే చేశాయి. కానీ వాటిని దగ్గరగా చూస్తూ వచ్చాక నాకు తెలిసింది ఒకటే: ఈ జీవికి తిండి ఎంత ముఖ్యమో, సరిపడే గుల్ల కూడా అంతే ముఖ్యం. అది కుదిరితే ట్యాంకులో సగం గొడవలు ఉండవు.

దీని ముందు భాగం గట్టిగానే ఉంటుంది. పొట్ట మాత్రం మెత్తన, పైగా నత్తగుల్ల లోపలి మెలికకు తగ్గట్టు పక్కకు తిరిగి ఉంటుంది. సొంత గుల్ల తయారుచేసుకోలేదు. నత్త వదిలేసిన గుల్లలోనే బతుకంతా. పెరిగినకొద్దీ ఇంకో గుల్ల వెతుక్కోవాలి. దొరకకపోతే? పక్కన బతికున్న నత్త ఉంది కదా. నాచు తినడానికి పెంచే టర్బో నత్తల్ని పీతలు చంపేశాయని వాపోయే వాళ్లందర్నీ నేను మొదట అడిగేది, ట్యాంకులో ఖాళీ గుల్లలు ఎన్ని ఉన్నాయని.

అందుకే నేను పీతలకంటే ముందే గుల్లలు పోగుచేశాను. రంగు వేసినవి, వార్నిష్ పూసినవి అసలు తీసుకోలేదు. మామూలువి మరిగించి, లోపల కుళ్లిన కండ మిగల్లేదని వాసన చూసి మరీ వేశాను. ఒక్కో పీతకు కనీసం రెండు మూడు ఉండాలి, అన్నీ ఒకే సైజువి కాకూడదు. ఆకారం కూడా చూడాలి. నా దగ్గరున్న రెండు రకాల్లో నీలి కాళ్ల పీతలు సన్నగా కోసుగా ఉండే సెరిత్ గుల్లల్ని ఇష్టపడ్డాయి. ఎర్రగా ఉండే స్కార్లెట్ పీతలు గుండ్రటి నోరున్న టర్బో గుల్లల దగ్గరికే పోయాయి.

ఈ రెండు రకాలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. రెండూ అట్లాంటిక్ వైపు పగడపు దిబ్బలవే, రెండూ చిన్నగానే ఉండిపోతాయి. నీలి కాళ్లది (క్లిబనారియస్ ట్రైకలర్) చురుకు ఎక్కువ, దూకుడూ ఎక్కువే. స్కార్లెట్ (పాగురిస్టెస్ కాడెనాటి) నెమ్మది. దార్డానస్ జాతి పీతలు పిల్లలుగా ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటాయి గానీ, వాటిలో కొన్ని బాగా పెద్దవై దొరికిందల్లా తింటాయి. పగడాలున్న ట్యాంకుకు అవి వద్దు.

నీళ్ల సంగతి తెలిసిందే: అమ్మోనియా, నైట్రైట్ సున్నా, ఉప్పదనం చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ 1.025, వేడి 25 డిగ్రీల దగ్గర. నీళ్లు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు కాబట్టి, తగ్గిన మేరకు ఆర్‌ఓ మంచినీళ్లే పోయాలి. కొత్త పీతల్ని ఒక్కసారిగా దింపకుండా, సన్నటి ఎయిర్‌లైన్ ట్యూబుకు ముడి వేసి, చుక్కచుక్కగా ట్యాంకు నీళ్లను వాటి గిన్నెలోకి వదిలాను. గంట పైనే పట్టింది. ఉప్పు శాతంలో హఠాత్తు మార్పును ఇవి తట్టుకోలేవు, కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. ఇంకోటి, రాగి. చేపల తెల్లమచ్చల జబ్బుకు వాడే మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, అది పీతలకు విషం. చేపలకు వైద్యం చేయాలంటే వేరే ట్యాంకులోనే.

గుల్ల మార్చుకోవడం చూసి తీరాలి. కొత్త గుల్ల దొరికితే దాన్ని దొర్లించి, అంచంతా కాళ్లతో తడిమి, డెక్క లోపలికి పెట్టి లోతు చూసుకుంటుంది. లోపల ఇసుకుంటే తోడేస్తుంది. ఆ తర్వాత కళ్లు మూసి తెరిచేలోపు పొట్ట ఇందులోంచి అందులోకి వెళ్లిపోతుంది. నచ్చకపోతే మళ్లీ పాతదే. ఒకటి ఖాళీ చేసిన గుల్లలోకి అంతకంటే చిన్నది, దాని గుల్లలోకి ఇంకా చిన్నది చేరడం కూడా చూశాను.

అసలు టెన్షన్ మొదటి కుబుసం అప్పుడు. పొద్దున్నే ఇసుక మీద కాళ్లూ డెక్కలతో సహా పీత శవం పడి ఉన్నట్టు కనిపిస్తుంది. ముట్టుకుంటే తేలిక, లోపల ఖాళీ, కళ్లు పారదర్శకం, కుళ్లిన వాసన లేదు. అంటే అది విడిచిన పైతొడుగు మాత్రమే. పీత రాళ్ల సందులో దాక్కుని ఉంటుంది, కొత్త తొడుగు గట్టిపడేదాకా బయటికి రాదు. ఆ సమయంలో రాళ్లు కదిపి వెతకొద్దు. మెత్తగా ఉన్న పీతను మిగతావి తినేసే ప్రమాదం ఉంది. కుబుసాన్ని కూడా నేను తీసేయను, పీతలే కొరుక్కుతింటాయి. అయోడిన్ చుక్కలు వేయమని చాలామంది చెబుతారు. టెస్టుతో కొలవకుండా ఏదీ పోయకూడదన్నది నా పద్ధతి. క్రమం తప్పని నీటి మార్పిడి, కాల్షియం 400 పీపీఎం పైన, ఇవే చూసుకున్నాను. కుబుసాలు సజావుగానే సాగాయి.

నాచు అయిపోయాక చాలామంది వీటిని మర్చిపోతారు. అదే నాకు బాధ. ఆకలితో ఉన్న పీతే నత్తల మీదికి పోతుంది, పగడాల నోటి దగ్గరి తిండి లాక్కుంటుంది. నేను రాత్రి లైట్లు ఆపాక నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు) ముక్క రాయి కింద దోపుతాను, అప్పుడప్పుడు అడుక్కి మునిగే గుళికలు వేస్తాను. పగడపు ముక్కల్ని జెల్ జిగురుతో గట్టిగా అంటించాలి, లేకపోతే ఎక్కి తిరిగి పడేస్తాయి.

ట్యాంకు ఇంత పెద్దదైతే ఇన్ని పీతలు అనే లెక్కను నేను పట్టించుకోను. వీటి పిల్లలు మొదట నీళ్లలో తేలే సూక్ష్మ లార్వాలు, ఇంటి ట్యాంకు ఫిల్టర్లో బతికి బట్టకట్టవు. దాదాపు అమ్మకానికి వచ్చేవన్నీ సముద్రంలో పట్టినవే. కాబట్టి కొన్నింటితో మొదలుపెట్టి, నాచు ఇంకా మిగిలితేనే మరికొన్ని తెచ్చుకోవడం మేలు, వాటికి సరిపడా గుల్లలు ముందే ట్యాంకులో వేశాక.