థర్మకోల్ కట్టర్ లాగ్ 4: ఈ 1.3 ఓమ్‌లు ఎక్కడి నుంచి వచ్చాయి?

కరెంటుతో వేడెక్కే తీగతో థర్మకోల్ కోసే కట్టర్ కడుతున్నాను. తీగ వేడెక్కుతోంది, కానీ కోయడం లేదు. థర్మకోల్ ముక్కను నెడితే సగం దాకా వెళ్లి అక్కడే అతుక్కుపోతోంది. వెనక్కి లాగితే పోగులు పోగులుగా సాగుతోంది. మూడు సాయంత్రాలు దీనికే పోయాయి. ఫ్రేము, స్ప్రింగు మాత్రం సెట్ అయిపోయాయి. వేడికి తీగ సాగినా ఇప్పుడు వదులు కావట్లేదు.

కాగితం మీద లెక్క చక్కగానే ఉంది. 0.4 మి.మీ. నైక్రోమ్ (నికెల్, క్రోమియం కలిసిన హీటర్ తీగ), మీటరు పొడవుకు దాదాపు 8.7 ఓమ్‌లు. నేను కట్టింది 45 సెం.మీ., అంటే 3.9 ఓమ్‌లు. 12 వోల్టులకి 3.08 ఆంపియర్లు, దాదాపు 37 వాట్లు రావాలి. మరి నాకు వచ్చిందేమిటంటే, ఎస్ఎమ్‌పీఎస్ (12 వోల్టుల పవర్ సప్లై) టెర్మినళ్ల దగ్గర 12.05 వోల్టులు, కరెంటు 2.31 ఆంపియర్లు. భాగిస్తే 5.22 ఓమ్‌లు. ఎక్కడి 3.9, ఎక్కడి 5.2! 1.3 ఓమ్‌లు ఎక్కువ.

మొదట వేడి మీద అనుమానం. తీగ వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది కదా అని. కానీ ఇక్కడ పెరిగింది 33 శాతం. నైక్రోమ్ ఆ వేడికి కొన్ని శాతాలకు మించి కదలదు, హీటర్లలో దాన్ని వాడేదే అందుకు. అదే బల్బులోని టంగ్‌స్టన్ ఫిలమెంట్ అయితే చల్లగా ఉన్నప్పటి రెసిస్టెన్స్‌కూ వెలుగుతున్నప్పటి రెసిస్టెన్స్‌కూ పది రెట్లకు పైనే తేడా వస్తుంది. కాబట్టి అది కాదు.

తర్వాత తీగ మందం. ఇది నన్ను బాగా ఊరించిన అనుమానం, ఎందుకంటే తీగ 0.35 మి.మీ. అయితే లెక్క సరిగ్గా 5.1 ఓమ్‌లకు వస్తుంది. మైక్రోమీటర్ లేదు. మిగిలిన తీగను పెన్సిల్ మీద సందు లేకుండా 20 చుట్లు చుట్టి స్కేలు పెట్టాను. 8 మి.మీ., అంటే 0.4. ఈ అనుమానమూ పోయింది. నిజానికి మల్టీమీటర్ ఓమ్స్ మోడ్‌లో ముందే 4.2 చూపించింది, ప్రోబ్‌లు రెండూ కలిపితే 0.3, తీసేస్తే 3.9. చవక మీటర్ ఇంత తక్కువ ఓమ్‌లను ఏం కొలుస్తుందిలే అని నేనే పట్టించుకోలేదు.

మూడో సాయంత్రం, కరెంటు పారుతుండగానే ఒక్కో చోట ప్రోబ్‌లు పెట్టి వోల్టేజీ చూసుకుంటూ పోయాను. నైక్రోమ్ రెండు కొసల మధ్య 9.10 వోల్టులే ఉన్నాయి! 9.10ని 2.31తో భాగిస్తే 3.94. తీగ మొదటి నుంచీ నిజమే చెబుతోంది. నేనే సప్లై దగ్గరి వోల్టేజీని తెచ్చి తీగ ఖాతాలో వేశాను.

మిగతా 2.95 వోల్టుల లెక్క కూడా తేలింది. ఆంపియర్లు కొలుస్తున్న మీటరు, దాని ప్రోబ్‌లు కలిసి 0.23. సప్లై నుంచి ఫ్రేముకు వెళ్లే సన్న వైర్లు, రానూపోనూ 2.4 మీటర్లు, 0.46. ఎడమ క్రొకడైల్ క్లిప్ 0.31. కుడి క్లిప్ 1.95. అంటే ఆ ఒక్క క్లిప్పులోనే 0.84 ఓమ్‌లు, 4.5 వాట్లు. దాని ఎర్ర తొడుగు మెత్తబడి ఉండటం నేను మొదటి రోజే చూశాను. తీగ వేడి తగిలిందేమో అనుకున్నాను తప్ప ఇంకో ఆలోచన రాలేదు.

తొడుగు వెనక్కి లాగి చూస్తే లోపల సోల్డర్ చుక్క కూడా లేదు. వైరు పై ప్లాస్టిక్‌తో సహా రేకు కింద మడిచి నొక్కారు. రాగి పోగుల్లో రెండో మూడో రేకుకు తగులుతున్నాయి, అవీ నల్లబడ్డాయి. రెడీమేడ్ క్లిప్ వైర్లు ఎల్ఈడీలు వెలిగించడానికే పనికొస్తాయని నా అభిప్రాయం. అర ఆంపియర్ దాటితే వాటిని నమ్మను.

ఇంతకీ ఈ పాట్లు పడ్డది నేనొక్కడినే కాదు. 1826లో జర్మన్ శాస్త్రవేత్త ఓమ్ తన కొలతల నుంచి రాబట్టిన సూత్రంలో కింద, అంటే హారంలో, b + x అని ఉంటుంది. x పరీక్షించే తీగ పొడవు, b మిగతా సర్క్యూట్ అంతటి అడ్డు. ఆయన ఆ bని మర్చిపోలేదు, నేను మర్చిపోయాను.

ఇప్పుడు క్లిప్పుల బదులు ఇత్తడి స్క్రూ టెర్మినళ్లు, 1.5 చదరపు మి.మీ. వైరు. నైక్రోమ్‌కు సోల్డర్ చేద్దామని చూశాను కానీ మామూలు రోజిన్ ఫ్లక్స్‌తో (సోల్డర్ పట్టడానికి రాసే పదార్థం) అంటుకోదు, పైన క్రోమియం ఆక్సైడ్ పొర ఉంటుంది. వాగో కనెక్టర్లు (వైర్లను నొక్కి పట్టే ప్లాస్టిక్ కనెక్టర్లు) నాకు ఇష్టమే, అయితే వేడి తీగ పక్కన ప్లాస్టిక్ ఎందుకని వాటిని సప్లై వైపే పెట్టాను. కొత్త రీడింగు: 2.94 ఆంపియర్లు, తీగ కొసల మధ్య 11.6 వోల్టులు, 34 వాట్లు. వెన్నలో కత్తిలా దిగుతోంది. మీటరు తీసేస్తే ఇంకాస్త పెరుగుతుంది, ఎందుకంటే లైన్లో ఉన్నంతసేపూ అది కూడా 0.29 వోల్టులు తింటోంది. ఫ్లూక్ కంపెనీ మీటరు కొనమని ఒక ఫ్రెండ్ సలహా. మంచి మీటరే, కానీ నా సమస్య మీటరు కాదు, ప్రోబ్ ఎక్కడ పెట్టాననేది. కిటికీ మాత్రం తెరిచే ఉంచాలి, థర్మకోల్ కోసేటప్పుడు వచ్చే పొగ మంచిది కాదు.

34 వాట్లు సన్న షీట్లకు ఎక్కువే, కోత వెడల్పవుతోంది. అందుకని తర్వాత మోస్‌ఫెట్‌తో (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) పీడబ్ల్యూఎమ్, అంటే కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ పవర్ తగ్గించడం. అక్కడ ఇంకో తిరకాసు కనిపిస్తోంది: 50 శాతం డ్యూటీలో, అంటే సగం సేపు మాత్రమే ఆన్‌లో ఉంటే, నా మీటరు డీసీ రేంజిలో సగటు చూపిస్తుంది, అంటే 6 వోల్టులు. V²/R వేస్తే 9 వాట్లు. తీగకు నిజంగా వెళ్లేది 18 వాట్లు, సగం సేపు పూర్తి 12 వోల్టులు కాబట్టి. ట్రూ ఆర్‌ఎంఎస్ (వేడి లెక్కకు పనికొచ్చే అసలు విలువ) అని రాసి ఉన్న మీటర్లు కూడా ఏసీ రేంజిలో డీసీ భాగాన్ని వదిలేసేవే ఎక్కువ. డ్యూటీ శాతాన్ని బట్టి లెక్కేసి, ఒకే మందం ముక్కలు కోస్తూ సరిచూడాలి. మోస్‌ఫెట్, గేట్ రెసిస్టర్ డబ్బాలోనే ఉన్నాయి. రేపు సాయంత్రం మొదలుపెడతా.