స్టీల్‌హెడ్ దొరికింది, పెన్ను దొరకలేదు

చేపలు పట్టడంలో ఒక రూలు తప్పినందుకు పడ్డ ఫైను ఈ ఉదయమే కట్టేశాను. ఎంతో చెప్పను. ఆ డబ్బుతో ఆగస్టులో యానాం వెళ్తే ఓ మోస్తరు పులస వచ్చి ఉండేది, అంతవరకే చెప్పగలను. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. వారం ఆగితే మర్యాదగా రాస్తాను, అప్పుడు చదివినవాళ్లకి పనికిరాదు.

మాది గోదావరి పక్క ఊరు. వాషింగ్టన్ రాష్ట్రానికి వచ్చి ఎనిమిదేళ్లయింది, సియాటిల్ దగ్గర్లో ఉంటాం. నాకీ చేపల పిచ్చి పట్టడానికి ఆఫీసులో ఒకాయన అన్న మాటే కారణం. స్టీల్‌హెడ్ అంటే వేరే జాతి కాదట, రెయిన్‌బో ట్రౌటేనట. ఏట్లోనే ఉండిపోతే రెయిన్‌బో ట్రౌట్. సముద్రానికి పోయి, అక్కడ పెరిగి, మళ్లీ పుట్టిన ఏటికి ఎదురెక్కి వస్తే స్టీల్‌హెడ్. వినగానే నాకు ఒళ్లు జలదరించింది. సముద్రంలో ఉంటే విలస, గోదావరిలోకి ఎదురీదితే పులస అని చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో విన్నదీ అదే కదా! పుస్తెలమ్మైనా పులస తినాలనే చోట పుట్టినవాణ్ణి. అలాంటి చేపే నాలుగు గంటల దూరంలో ఉందంటే చేతులు ముడుచుకుని ఎలా కూర్చుంటాను?

లైసెన్సు ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. కాకపోతే ఇక్కడ లైసెన్సు సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో అయిపోతుంది. నాలాగా డిసెంబరులో కొన్నవాడికి మిగిలేది మూడున్నర నెలలే. ఏప్రిల్‌లో కొనుక్కోండి.

లైసెన్సుతో పాటు క్యాచ్ రికార్డ్ కార్డు అని ఒకటి తీసుకోవాలి. సాల్మన్, స్టీల్‌హెడ్ లాంటివి పట్టి ఉంచుకుంటే అందులో రాయాలి. అది ఒక క్రీడాసామాన్ల షాపులో తీసుకున్నాను. కౌంటరు దగ్గర కుర్రాడు కార్డు చేతిలో పెట్టి, దాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అమ్మడం మాత్రం బాగా అమ్మాడు. తొమ్మిదిన్నర అడుగుల రాడ్డు, రీలు, ఛాతీ దాకా వచ్చే, నీళ్లు చొరబడని వేడర్లు, మేకుల బూట్లు, అవన్నీ కావాల్సినవే, సరే. వాటితో పాటు నిలవ పెట్టిన చేప గుడ్ల సీసా ఒకటి, రొయ్యల వాసన నూనె ఒకటి అంటగట్టాడు. ఇంటికొచ్చి రూల్సు చూస్తే ఆ సీజన్‌లో నేను వెళ్లబోయే చోట ఎర వాడకూడదు, పడవ మీద నుంచి పట్టకూడదు, ఎదురుముల్లు లేని ఒంటి కొక్కెం మాత్రమే కట్టాలి అని ఉంది. వాసన నూనె రాసినా ఎర కిందకే వస్తుంది. ఆ గుడ్ల సీసా కారులో కారి, రెండు వారాలు మా ఆవిడ నా కారెక్కలేదు. షాపువాడి మాట నమ్మకండి. రూల్సు పుస్తకాన్ని కూడా నమ్మకండి, ఎందుకంటే సీజన్ మధ్యలో ఎమర్జెన్సీ రూలు అని కొత్తవి పెడుతూనే ఉంటారు. బయల్దేరే ముందు రోజు రాత్రి మళ్లీ చూసుకోవాలి.

ఎడ్మండ్స్‌లో ఫెర్రీ ఎక్కి, కింగ్‌స్టన్‌లో దిగి, పోర్ట్ ఏంజెలెస్ మీదుగా 101 రోడ్డు పట్టుకుంటే ఫోర్క్స్ వస్తుంది. ఏడాదికి వంద అంగుళాలకు పైగా వాన పడే ఊరు. అక్కడి నుంచి బోగచీల్, కలావా, సోల్ డక్, హో నదులన్నీ దగ్గరే. నేను వెళ్లింది బోగచీల్‌కి, అక్కడ హేచరీ ఉంది కాబట్టి. హేచరీలో పెంచి వదిలిన చేపలు ఎక్కువగా నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ నుంచి జనవరి దాకా ఎక్కుతాయి. ఏట్లో సహజంగా పుట్టినవి ఎక్కువగా ఆ తరువాత వస్తాయి, వాటిని ఉంచుకోకూడదు, వదిలేయాలి.

మొదటి నాలుగు ట్రిప్పుల్లో నాకు దొరికింది జలుబు.

దారిలో ఎల్వా నది దాటినప్పుడల్లా కారు కాస్త స్లో చేస్తాను. దాని మీద 1913లో ఒకటి, 1927లో ఒకటి ఆనకట్టలు పూర్తయ్యాయి. చేప ఎక్కడానికి మెట్టయినా పెట్టలేదు. వందేళ్లు సాల్మనూ స్టీల్‌హెడూ కింది ఆనకట్ట గోడ దగ్గరే ఆగిపోయాయి. చివరికి 2011లో మొదలుపెట్టి 2014కల్లా రెండింటినీ పడగొట్టేశారు. చేపల కోసం ఆనకట్ట తీసేయడం! మనవైపు ధవళేశ్వరం దగ్గర ఆగిపోయే పులస గురించి ఇలా మాట్లాడితే పిచ్చివాడనుకుంటారు. బ్యారేజీ తీసేయమనడం లేదు, మా పొలానికీ ఆ నీళ్లే. దాటడానికి చేపకొక దారి అని ఎవరైనా గట్టిగా అడిగారా అన్నదే నా బాధ.

ఇంకో మాట. ఒడ్డున కొంతమంది, దిగువన లా పుష్‌లో క్విలియూట్ తెగవాళ్లు వలలేస్తారని సణుగుతూ ఉంటారు. నేనూ మొదట తలాడించాను. తరువాత చదివితే తెలిసింది. 1850లలో ఇక్కడి తెగలు భూమంతా రాసిచ్చేస్తూ, అలవాటైన చోట చేపలు పట్టుకునే హక్కు అట్టిపెట్టుకున్నారు. ఆ ఒప్పందం ప్రకారం పట్టదగ్గ చేపలో సగం దాకా వాళ్లదేనని 1974లో జడ్జి బోల్ట్ తీర్పిచ్చాడు. ఎనిమిదేళ్ల క్రితం విమానం దిగిన నేను వాళ్ల వల మీద సణిగితే అంతకన్నా సిగ్గులేని పని లేదు.

ఇక అసలు సంగతి.

ఐదో ట్రిప్పు, జనవరి. మూడు రోజులు ముసురు పట్టి వదిలింది. బురదగా పొంగిన నీళ్లు దిగుతూ దిగుతూ పాచి ఆకుపచ్చ రంగుకి వస్తాయే, ఆ రంగు కోసమే అందరూ కాచుకుని ఉంటారు. తెల్లవారేసరికి ఒడ్డున ముగ్గురున్నారు. అందరికన్నా దిగువన ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, ఎవరితోనూ మాట్లాడడు. గులాబీ రంగు జిగ్ (బరువు తల ఉన్న కొక్కెం) కట్టి, పైన బెండు కట్టి, ప్రవాహంలో వదులుతూ పోయాను. తొమ్మిదింటికి వేళ్లు మొద్దుబారి దారం తెలియడం లేదు. బెండు ఒక రాయి దాటి, మెల్లగా తిరిగి, ఠక్కున మాయమైంది. ఇంకో రాయికి తట్టుకుందేమో అనుకుని విసుగ్గా లాగాను. రాయి పరిగెత్తింది.

ఆ పావుగంట గురించి రాయమంటే పది పేజీలు రాస్తాను కానీ మా ఆవిడ ఇప్పటికే నలభైసార్లు విన్నది, వదిలేస్తున్నాను. ఇరవై ఎనిమిది అంగుళాలు. ఆడది. వెండి రేకులా మెరుస్తోంది.

నా భయమంతా ఒకటే, రెక్క. వీపు మీది పెద్ద రెక్కకీ తోకకీ మధ్య చిటికెన వేలి కొసంత మెత్తటి కండ ఒకటి ఉంటుంది, ఎడిపోస్ ఫిన్ అంటారు. హేచరీలో పిల్లగా ఉన్నప్పుడే దాన్ని కత్తిరించి వదులుతారు. అది ఉంటే సహజంగా పుట్టిన చేప, వెంటనే వదిలేయాలి, ఫోటో కోసం నీళ్లలోంచి పూర్తిగా పైకెత్తడం కూడా నేరమే. అందుకని మోకాళ్ల లోతు నీళ్లలోనే వంగి, బొటనవేలితో వీపు మీద రాసి చూశాను. రెక్క లేదు. పాత దెబ్బ మానినట్టు నున్నగా చిన్న మచ్చ. అనుమానం తీరక మళ్లీ చూశాను. మూడోసారి కూడా చూశాను. అంత జాగ్రత్తగా ఉన్నానని గొప్పగా చెప్పుకోవచ్చు, ఆ గొప్పే నన్ను ముంచింది. రెక్క గండం గట్టెక్కాను కదా, ఇంక పనైపోయిందనుకున్నాను.

చేపని చంపి, రాళ్ల మీద పెట్టి, అమ్మకి పంపడానికి వీడియో మొదలుపెట్టాను. సిగ్నల్ లేదు, రికార్డు చేస్తున్నానంతే. "ఇదిగో అమ్మా, చూడు, నీ కొడుకు పట్టిన చేప. ఇది ఇక్కడి పులస. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకే ఏళ్లు పడుతుందంట..." వీడియోలో సరిగ్గా అక్కడ వెనకనుంచి ఒక గొంతు వినిపిస్తుంది. మంచి చేప, మీ కార్డు ఒకసారి చూడొచ్చా అని.

ఆకుపచ్చ రెయిన్‌కోటు, టోపీ. చేపల శాఖ ఆఫీసరు. ఎప్పటినుంచి నిలబడి నా తెలుగు వింటున్నాడో తెలియదు. నేను నవ్వుతూ ఫోన్లో లైసెన్సు తీసి చూపించాను. చూశాడు. కొక్కెం పట్టుకుని తన గ్లోవుకి తగిలించి లాగాడు, ఎదురుముల్లు లేదు. చేప వీపు చూశాడు, మచ్చ ఉంది. అంతా బాగుందన్నాడు. మరి కార్డు?

కార్డు కారులో ఉంది.

కారెక్కడ? అర మైలు. పదండి, వెళ్దాం అన్నాడు. ఆ అర మైలు నడక నేను చచ్చేదాకా మర్చిపోను. నేను ముందు, చేతిలో చేప, తడిసిన వేడర్లు అడుగడుక్కీ కీచుకీచుమంటున్నాయి. వెనక ఆయన. ఒడ్డున ఉన్నవాళ్లు గాలాలు ఆపి మరీ చూశారు. ఒకడు చిన్నగా ఈల వేశాడు. స్కూల్లో పక్కవాడి పలక పగలగొట్టి హెడ్మాస్టరు గదికి నడిచిన రోజు తరువాత మళ్లీ అంత పొడుగు దారి నేను నడవలేదు.

కార్డు కాస్ట్‌కో రసీదుల కింద దొరికింది. ఖాళీ. చేపని ఉంచుకున్న మరుక్షణమే, అక్కడే, సిరాతో రాయాలన్నది రూలు. నేనేమో ఇంటికెళ్లి, స్నానం చేసి, టేబుల్ దగ్గర కూర్చుని రాసుకునే లెక్క అనుకున్నాను. అప్పుడే పట్టానండీ, మీరొచ్చేసరికి రెండు నిమిషాలు కూడా కాలేదు అన్నాను. ఈ అబద్ధం ఎందుకాడానో నాకే తెలియదు. ఆయన నా ఫోన్ వైపు చూశాడు. నేను తీసిన మొదటి ఫోటో మీద టైము ఉంది. ఇరవై రెండు నిమిషాలు. ఆ తరువాత పద్నాలుగు ఫోటోలు, ఒక వీడియో. ఇవన్నీ తీయడానికి టైముంది, ఒక గీత రాయడానికి లేదు. ఆయన ఆ మాట అనలేదు. అని ఉంటే బావుండేది.

సరే, ఇప్పుడైనా రాయండి అన్నాడు. పెన్ను లేదు. ఇంట్లో డబ్బాడు పెన్నులున్నాయి, కారులో ఒక్కటి లేదు. అప్పటికి వెనకే నెమ్మదిగా వచ్చాడు ఆ మాట్లాడని పెద్దాయన, ఇంటికెళ్లడానికో, వేడుక చూడటానికో. మెళ్లో తాడుకి జిప్ కవరు వేలాడుతోంది, అందులో ఆయన కార్డు, ఒక బాల్‌పెన్ను. పెన్ను తీసి నాకిచ్చాడు. తేదీ రాశాను. నది కోడు రాయమన్నారు. ఏం కోడు? ప్రతి నదికీ ఒక నంబరుంటుందట. అదీ పెద్దాయనే చెప్పాడు. వాన చినుకు పడి సిరా పాకుతుంటే ఆఫీసరు తన టోపీ తీసి కార్డు మీద అడ్డంగా పట్టుకున్నాడు. నాకు గొడుగు పట్టినంత శ్రద్ధగా పట్టుకుని, నేను రాయడం అయ్యాక, అదే శ్రద్ధతో టికెట్ రాశాడు. చేప మాత్రం నాకే వదిలేశాడు.

ఆ రాత్రి మోటెల్లో నిద్ర లేదు. నాది హెచ్‌1బి ఉద్యోగ వీసా. ఇక్కడి మనవాళ్ల గ్రూపులో, పేరు చెప్పకుండా, "మా ఫ్రెండుకి ఇలా అయింది" అని అడిగాను. వీసా స్టాంపింగ్‌లో ఆపేస్తారని ఒకడు, గ్రీన్‌కార్డు మర్చిపొమ్మని ఇంకొకడు, లాయర్ నంబరు పంపిన మూడోవాడు. అర్ధరాత్రి దాటాక, అంత టెన్షన్ పడ్డాక, ఆ టికెట్టే చదివాను. ఇది ఇన్‌ఫ్రాక్షన్, క్రిమినల్ కేసు కాదని అందులోనే రాసి ఉంది. కట్టేయొచ్చు, లేదా తగ్గించమని హియరింగ్ అడగొచ్చు. చేతిలో ఉన్న కాగితం చదవకుండా గ్రూపులో అడగడం మనవాళ్ల రోగం, నాకూ ఉంది.

హియరింగ్ అడగలేదు. ఆ వీడియో సాక్ష్యంగా ఆడుతుందేమోనని భయం.

మా ఆవిడ వీడియో చూసి మొదట ఏమీ అనలేదు. తరువాత, "అయితే మొత్తం ఖర్చు చూసుకుంటే కిలో ఎంత పడిందండీ?" అంది. లెక్క వేయలేదు. వేయను. కుండ లేదు కాబట్టి మందపాటి గిన్నెలోనే, చింతపండు పులుసులో బెండకాయలు వేసి, సన్నటి సెగ మీద వండింది. పులస లాగే రాత్రంతా ఉంచి మర్నాడు తిన్నాం. ముళ్లు తక్కువ. పులసకున్న కొవ్వు రుచి లేదు, కానీ బాగుంది. అమ్మ ఫోన్లో, "ఒరే, ఆ పోలీసాయనకి ఒక ముక్క పెట్టకపోయావా" అంది.

ఈ మాట ఎందుకో గానీ షాపు కుర్రాడు చెప్పడు, వినండి. సీజన్‌లో ఒక్క చేపా పట్టకపోయినా సరే, ఆ కార్డు లెక్క ఏప్రిల్ 30లోపు పంపాలి. నాది ఆరబెట్టి ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాను. ఒకే వరుస ఉంది అందులో. హేచరీ అని రాసిన దగ్గర సిరా కాస్త పాకింది గానీ చదవొస్తుంది.